కుర్చీ క్లాసు టమాటాలు

మదనపల్లెలో టమాటా తోటకు జబ్బు చేస్తే ఒకప్పుడు ఊరు ఊరంతా పలకరించడానికి వచ్చేది. గట్టు మీద నిలబడి తలా ఒక మందు చెప్పి, చెప్పినందుకు టీ తాగి మరీ వెళ్ళేవారు. ఇప్పుడా సందడి లేదు. ఎండలు ముదిరి పూత నిలవడం మానేసింది. నిలిచిన కాస్త పూతనూ ముడత తెగులు మింగేసింది. చివరికి టమాటా బయట బతకలేక ఇంట్లోకి వచ్చి కూర్చుంది.

ఇల్లంటే మామూలు ఇల్లు కాదు, చంద్రమౌళి టాకీసు. కిటికీలు లేని హాలు, మందపాటి గోడలు, వెనక నుంచి ముందుకు వాలుగా దిగే నేల. ముందువాళ్ళ తలకాయలు అడ్డం రాకుండా కట్టిన ఆ వాలు, కుండీల్లోంచి కారే నీళ్ళు తెర వైపు పారడానికి పనికొచ్చింది. గదిపంటల కేంద్రం వాళ్ళు టాకీసును తీసుకుని, కుర్చీలు పీకి, పైన వంకాయరంగు దీపాలు వేలాడదీసి, కుండీలు పెట్టారు. అయినా పాత పేర్లు ఎవరి నోటినుంచీ పోలేదు. తెర ముందున్న మొక్కలు నేల క్లాసు, మధ్యవి బెంచీ క్లాసు, వెనకవి కుర్చీ క్లాసు. కేంద్రాన్ని నడిపే పెద్దసారు కూడా "బెంచీ క్లాసుకు నీళ్ళు పెట్టినారా?" అనే అడిగేవాడు.

ఆ కుర్చీ క్లాసులోనే హంసవేణికి తలనొప్పి మొదలైంది. ఆమె అక్కడ మట్టి డాక్టరు. అసలు ఉద్యోగానికి పొడుగాటి పేరొకటి ఉంది గానీ, దాన్ని పూర్తిగా పలికినవాళ్ళు ఇంతవరకూ లేరు. హాలులో మిగతా మొక్కలన్నీ కంపెనీ విత్తనాలు, రాయిలాంటి కాయలు కాసేవి. కుర్చీ క్లాసులో ఒక్క వరస మాత్రం నాటుకాయ. గాడులు పడి, చపటగా, పల్చటి తోలుతో ఉండే కాయ. లారీ ఎక్కితే చాలు పగిలిపోయేది కాబట్టి మండీవాళ్ళు దాన్ని ఏనాడో వదిలేశారు. ఆ పులుపు మరిగినవాళ్ళు మాత్రం వదల్లేదు. వాళ్ళలో చివరివాడు హంసవేణి మేనత్త మొగుడు గంగులప్ప. ఆయన పోతూ పోతూ ఒక సీసాడు విత్తనాలు వదిలిపోయాడు. అందులో మొలిచినవి ఈ వరసలో ఉన్నాయి, మొలవనివి సీసాలోనే పుచ్చిపోయాయి. ఈ మొక్కలు కాయకుండా చచ్చాయంటే ఆ కాయ ఇక భూమ్మీద లేనట్టే.

అవి చస్తున్నాయి. చిగురాకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా వలలాగా కనబడుతున్నాయి. పూలు విచ్చుకోకముందే రాలిపోతున్నాయి.

"ఇనుము అందడంలేదు," అంది హంసవేణి, ఒక ఆకును దీపానికి ఎదురుగా పట్టుకుని. "మట్టిలో ఇనుము లేకనా, ఉండీ వేరు తీసుకోలేకనా అన్నదే తేలడంలేదు."

"పోయిన వారం ఇనుము నీళ్ళు చల్లినాము కదక్కా," అన్నాడు ఇలియాస్. కేంద్రంలో యంత్రాలన్నీ అతని చేతిలోవే, సగం అతను చేసినవే. "చల్లిన ఆకు పచ్చబడింది. కొత్తగా వచ్చింది మళ్ళా పసుపే."

"అంటే వేరు దగ్గరే ఏదో ఉంది."

కాండం పక్కన చెంచాతో మట్టి తీసి, శుద్ధి చేసిన నీళ్ళలో కలిపి, తేరాక పీహెచ్ మీటరు ముంచింది. ఆరున్నర. మట్టి పులుపు తిరిగితే అంకె తగ్గుతుంది, చవుడు తిరిగితే ఏడు దాటుతుంది. టమాటాకు ఆరున్నర కంటే మంచి మట్టి దేవుడు కూడా కలపలేడు. పక్క కుండీ చూసింది, ఆ పక్కది చూసింది. అన్నిటికీ అదే మంచి అంకె, అన్నిటికీ అదే పసుపు జబ్బు. నీళ్ళు ఎక్కువయ్యాయా అని రెండు పూటలు ఎండబెట్టి చూశారు. దీపాలు పైకెత్తి చూశారు. ఏం చేసినా మొక్కలు ముఖం మాడ్చుకునే ఉన్నాయి.

"కుండీ అంచుల మీద ఆ తెలుపేమిటి?" అని ఆమె అడగకపోలేదు.

"ఉప్పు తేలింది. బోరునీళ్ళు, మట్టికుండీలు. మా ఇంట్లో పూలకుండీల నిండా అదే," అన్నాడు ఇలియాస్. నిజమే, ఎవరింట్లోనైనా ఉండేదే. ఆమె దాని సంగతి మరిచిపోయింది.

పెద్దసారు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని వరసంతా చూశాడు. చెడ్డవాడేం కాదు, పైవాళ్ళకు లెక్క చెప్పుకోవాల్సినవాడు. "ముసలి విత్తనం, హంసవేణి. సత్తువ చచ్చింది. మట్టి బాగుందని నీ మీటరే చెబుతోంది కదా. ఆదివారానికి ఈ వరస తీసేద్దాం," అని వెళ్ళిపోయాడు.

ఆ మాట అనేటప్పటికి గంగులప్ప భార్య చెంగమ్మత్త అక్కడే ఉంది. అత్త రోజూ మ్యాట్నీ వేళకు టాకీసుకు వస్తుంది. కుర్చీలు పీకేటప్పుడు ఆమె అడ్డంపడి, తను మొగుడితో కూర్చుని సినిమాలు చూసిన వరసను పీకనివ్వలేదు. ఆ వరస ముందు ఉన్న కుర్చీలు పోయి, వాటి చోట నాటుకాయ కుండీలు వచ్చాయి. ఆమె ఒక్కొక్క వక్కాకుకు ఒక్కొక్క కుర్చీ మారుతూ, ఎదురుగా ఉన్న మొక్కతో కబుర్లు చెబుతుంది. ఒకదాని దగ్గరే కూర్చుంటే ఇంకొకదానికి కోపమొస్తుందట.

"తీసేస్తాడంటనా మే?" అంది అత్త.

"ఇంకా ఆదివారం రాలేదు కదత్తా," అంది హంసవేణి.

ఆ సాయంత్రం అత్త ఇంట్లో రాగిసంగటి ముద్దలు పడ్డాయి. పక్కన ఊరిబిండి, కంపెనీ టమాటాది. పచ్చిమిరపకాయలు, టమాటాలు మగ్గబెట్టి, వేయించిన శెనక్కాయ విత్తనాలు వేసి రోట్లో బరకగా నూరినదే, చేసిన చెయ్యి కూడా ఎప్పటిలా అత్తదే. అయినా అత్త ఒక ముద్ద తిని పళ్ళెం దూరంగా జరిపింది.

"ఇది టమాటానా? నీళ్ళ మూట. మీ అమ్మ చేసేది చూడూ, నోట్లో పెడితే చెవులు కదలాల. మీ మామ అయితే మా ఇంట్లో తిని, మళ్ళా మీ ఇంటికొచ్చి తినేవాడు, మీ అమ్మది ఎక్కువ పులుపని."

"నేను తినే ముందే ఉప్పు చాల్లేదనేదాన్ని, గుర్తుందా?"

"తినకముందే అనేదానివి. మీ అమ్మకు ఒళ్ళు మండేది." అత్త నవ్వింది. "నీకు తొలి ముద్ద పెట్టింది నేను. పాలు తాగే పిల్లకు కారం పెడతావా అని మీ అమ్మ నాతో వారం మాట్లాడలేదు. నువ్వేమో చెయ్యి పట్టుకుని ఇంకా పెట్టమంటివి. ముక్కు కారతానే ఉంది, నోరు మాత్రం మూయవు."

హంసవేణికి ఆ తొలి ముద్ద గుర్తులేదు గానీ తరవాతివన్నీ గుర్తున్నాయి. అమ్మ పోయి చాలా కాలమైంది. ముఖం గుర్తుచేసుకోవాలంటే ఫోటో కావాలి, గొంతు అసలే రాదు. ఆ రుచి మాత్రం అడగకుండానే వస్తుంది. కళ్ళు మూసుకుంటే ముందు పులుపు, వెనకే కారం, చివర శెనక్కాయ కమ్మదనం, దాంతోపాటే అమ్మ పక్కన కూర్చున్నట్టుంటుంది. ఆమెకు అమ్మ మిగిలింది అక్కడే.

అందుకే మర్నాడు పొద్దున్నే ఇలియాస్ గదికి వెళ్ళి ఆ మాట అడగడానికి గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడింది.

"నాలుక బయటికి తియ్యి ఇలియాసూ," అంది చివరికి.

అతను తలెత్తలేదు. "దాన్ని ముట్టనని ఒట్టేసుకున్నానక్కా."

నాలుక అంటే అతను చేసిన యంత్రం. ఒక చివర వెంట్రుకలాంటి తీగలు, మట్టిలో వేరు పక్కకు చేరేవి. ఇంకో చివర చిగురాకంత రేకు, మనిషి నాలుక మీద పెట్టుకునేది. వేరుకు ఏం తగులుతోందో అది మన నోటికి తగులుతుంది. మీటరు ఒక అంకె చెబుతుంది, వేరు కథంతా చెబుతుంది. అది తయారైన రోజు టాకీసులో లడ్డూలు పంచారు. ఆ తరవాతే అసలు సంగతి బయటపడింది.

"లోపలంతా హౌస్‌ఫుల్ అక్కా," అని అతనే చెప్పాడు అప్పట్లో. "కొత్త రుచి వచ్చిందంటే పాతది ఒకటి లేచి పోవాల్సిందే. ఏది లేస్తుందంటే, వచ్చినదాని పక్క సీట్లో ఏది ఉంటే అది." అతను పరీక్షించింది ఖర్జూరం మొక్కను. ఆ రంజానుకు వాళ్ళమ్మ ఖర్జూరాలు వేసిన షీర్ ఖుర్మా గిన్నె చేతికిస్తే, ఎవరింటిదో పాయసం తాగినట్టు తాగాడు. బాగుందమ్మీ అన్నాడు. ఆమె ముఖం మారిపోయింది. పండగపూట అతను ఏనాడూ బాగుంది అన్నవాడు కాదు, రెండో గిన్నె అడిగేవాడు, అంతే. ఆ తరవాత టాకీసులో అందరికీ, చెంగమ్మత్తకు కూడా, ఆ సంగతి చెప్పి యంత్రాన్ని గుడ్డలో చుట్టి బీరువా అడుగున పెట్టేశాడు.

"నేనే పెట్టుకుంటాలే," అన్నాడిప్పుడు. "పోయేది పోనీ. నాకు ఎట్లాగూ ఒకటి పోయిందే."

"నువ్వు నాటుకాయ ఎప్పుడైనా తిన్నావా?"

"లేదు."

"బాగున్నప్పుడు ఎట్లుంటుందో తెలీనివాడివి, బాగాలేనప్పుడు ఏం చెప్తావు?"

"అత్తమ్మకు తెలుసు కదా ఆ రుచి..."

"గమ్మునుండు ఇలియాసూ. ఆమెకు మామ లేడు, పిల్లల్లేరు. ఆ పులుపొక్కటే ఉంది. దాన్ని కూడా లాక్కుందామా?"

అతను బీరువా అడుగునుంచి మూట తీసి ఆమె వెంట కుర్చీ క్లాసుకు వచ్చాడు. గుడ్డ విప్పి, తీగలు ఒక కుండీలోని మట్టిలోకి దించాడు. హంసవేణి ముందురోజు మిగిలిన ఊరిబిండి డబ్బాలో తెచ్చుకుంది, కంపెనీ టమాటాదే. ఆఖరుసారి కళ్ళు మూసుకుని అమ్మది తలుచుకోవడానికి అదొక ఆసరా. వేలితో నాకింది. వచ్చింది, ముందు పులుపు, వెనకే కారం, కమ్మదనం. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే రేకు నాలుక మీద పెట్టుకుంది.

మొదట తడి. చల్లటి, చీకటి తడి. తరవాత పచ్చి టమాటా ఆకు వాసనలాంటి పులుపొకటి చిన్నగా మొదలై, ఇది మనవాళ్ళే అనిపించింది. వేరు కుండీ మధ్య నుంచి బయటికి పాకుతోంది, ఆ రుచి దాంతోపాటే పాకుతోంది. గోడ తగిలింది. అంతే, నోరు భగ్గుమంది. నాలుక చివర, చిగుళ్ళు, బుగ్గల లోపల, అంతా కాలి పొక్కినట్టయింది. రేకు ఉమ్మేసి నీళ్ళ సీసా ఎత్తి తాగింది.

"ఏమైందక్కా? యాసిడా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ మంట ఆమెకు తెలుసు. చిన్నప్పుడు ఇదే టాకీసులో, ఇంటర్వెల్లు వేళ, అత్త సంచిలోంచి దొంగతనంగా ఆకు తీసి, ఎంత రాయాలో తెలియక వేలెడు పూసుకుని నమిలింది. రెండు రోజులు అన్నం తినలేకపోయింది.

"సున్నం," అంది.

ఇద్దరూ కుండీల వైపు చూశారు. అంచుల మీద తెల్లటి మరకలు. ఉప్పు తేలితే అంచు చుట్టూ సమానంగా తేలాలి. ఇవి ఒక పక్కనే ఉన్నాయి, కుర్చీల వైపు, వేలెడు వెడల్పున. ఇలియాస్ అంచు పక్కన మట్టి గీకి, నీళ్ళలో కలిపి మీటరు ముంచాడు. ఎనిమిది దాటిపోయింది.

"మనం నడిమధ్యలోనే తీస్తా ఉన్నాము," అన్నాడు నీరసంగా. "వేర్లేమో గోడెంబడి తిరగతా ఉండాయి. ఒక్క చెంచా ఈడ తీసింటే సరిపోయేది కదక్కా. నాలుకే అక్కర్లేకపోయె."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. హంసవేణి కళ్ళు మూసుకుని వెతికింది. రోలు ఉంది. పొత్రం తిరిగే చప్పుడు ఉంది, అమ్మ గాజులు ఉన్నాయి, చెమట పట్టిన ముక్కుపుడక కూడా ఉంది. అమ్మ వేలితో తీసి నోట్లో పెడుతోంది. ఆ తరవాత ఏమీ లేదు. ఎన్నిసార్లు నోరు తెరిచినా అమ్మ వేలి మీద ఏమీ లేదు.

మ్యాట్నీ వేళకు అత్త వచ్చింది. హంసవేణి వెనకాల గోడకు ఆనుకుని చూస్తూ నిలబడింది. అత్త కూర్చుని, సంచి విప్పి, ఆకు తుడిచి, సున్నపుకాయలోంచి వేలితో తీసి ఆకుకు రాసింది. వక్క వేసి మడిచి నోట్లో పెట్టుకుంది. వేలికి మిగిలిన సున్నం తుడవడానికి చెయ్యి దానంతటదే ముందుకు చాచింది. ఒకప్పుడు అక్కడ ముందు కుర్చీ వీపు ఉండేది. ఊళ్ళో వక్కాకు తినేవాళ్ళందరూ అక్కడే తుడిచేవారు. ఆ కుర్చీల వీపులు తెల్లగా చారలుదేలి ఉంటే గేటుమనిషి తిట్టేవాడు, గంగులప్ప ఇంకొంచెం గట్టిగా తుడిచేవాడు. ఇప్పుడు అక్కడ కుండీ ఉంది. అత్త వేలు కుండీ అంచుకు రాసుకుని వెనక్కి వచ్చింది. ఆమె చూపు మొక్క మీదే ఉంది, ఏదో సినిమా కథ చెబుతోంది.

హంసవేణి వెళ్ళి పక్క కుర్చీలో కూర్చుంది. అబద్ధమొకటి నోటిదాకా వచ్చింది, లోపల ఆకులు వక్కలు తినకూడదని కొత్త రూలు పెట్టారని. కానీ అత్త ఆమె చూపు వెంటే తన వేలి వైపు చూసుకుంది. తరవాత అంచు వైపు, వరస పొడుగునా ఉన్న అంచుల వైపు చూసింది. నమలడం ఆగిపోయింది.

"నేనేనా మే?"

హంసవేణి ఆ వేలును తన చేతిలోకి తీసుకుని కొంగుతో తుడిచింది. "వేరుకు సున్నం సరిపడలేదత్తా. అంతే. మొక్క ఇంకా ప్రాణంతోనే ఉంది."

"ఆయన్ను తలుచుకుంటా వాటి దగ్గర కూచుంటిని. తలుచుకుంటానే చంపేస్తా ఉండానా?" అత్త లేచి బయటికి వెళ్ళి, నోట్లోది ఉమ్మి, నోరు పుక్కిలించి వచ్చింది. వక్కాకు సంచిని సున్నపుకాయతో సహా ఇలియాస్ చేతిలో పెట్టింది. పెళ్ళయిన నాటినుంచి నడుముకు వేలాడిన సంచి అది.

"మళ్ళా అడిగినా ఇయ్యొద్దు నాయనా," అంది.

ముగ్గురూ కలిసి కుండీలు పగలగొట్టారు. గోడకు అంటుకున్న మట్టిని చెక్కేసి, కాలిపోయిన వేర్లు కత్తిరించి, కొత్త మట్టితో ప్లాస్టిక్ బక్కెట్లలో నాటారు. ఈసారి మీటరును మధ్యలోనూ ముంచారు, అంచుల్లోనూ ముంచారు. ఆదివారం పెద్దసారు వచ్చి బక్కెట్లు చూశాడు, పగిలిన పెంకులు చూశాడు. చెంగమ్మత్త చేతుల నిండా మట్టితో వరసకు అడ్డంగా కూర్చుని ఉంది. ఆయన వెనక్కి తిరిగి, నేల క్లాసుకు వెళ్ళి నీళ్ళ గొట్టం పరిశీలించడం మొదలుపెట్టాడు. కొన్ని మొక్కలు పోయాయి. మిగిలినవాటికి చిగుళ్ళు ముందు వెలవెలగా, తరవాత పచ్చగా వచ్చాయి. పూలు నిలిచాయి.

కాయ పండిన రోజు అత్త రోలును ఆటోలో వేయించుకుని టాకీసుకే తెచ్చింది. మొదటి కాయలు రెండిటి విత్తనాలు తీసి బూడిదలో కలిపి ఆరబెట్టాకే మిగతావాటిని ముట్టనిచ్చింది. ఇంటినుంచి వేడి సంగటి తెచ్చింది. కుర్చీ క్లాసులో కూర్చుని నూరుతుంటే హాలంతా వాసన నిండిపోయింది.

అత్త ముందు తను వేలితో నాకింది. కళ్ళనుంచి నీళ్ళు జారాయి, తుడుచుకోలేదు. "వచ్చినాడు," అంది మెల్లగా. ఆమె పక్క కుర్చీ ఖాళీగానే ఉంది.

హంసవేణి ఏం చేయాలో ముందే అనుకుని ఉంది. రుచి పోయిన సంగతి అత్తకు చెప్పలేదు, చెప్పదలుచుకోలేదు. ముద్ద నోటి దగ్గరికి రాగానే, తినకముందే, ఉప్పు చాల్లేదు అనాలి. చిన్నప్పటిలాగే అనాలి. అద్దం ముందు అనుకుని చూసుకుంది కూడా. అత్త సంగటి ముద్దను ఊరిబిండిలో అద్ది ఆమె నోట్లో పెట్టింది.

పులుపు చెవులదాకా పోయింది. వెనకే కారం, ఆ వెనక ఏదో కమ్మదనం. ఇలాంటిది ఆమె నోరు ఎప్పుడూ ఎరగదు. ముక్కు కారడం మొదలైంది. అనాలనుకున్న మాట ఎటో పోయింది.

"అబ్బ, ఎంత బాగుందత్తా," అంది.

అత్త చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. హంసవేణి ముఖంలోకి చూసింది. తరవాత ఇలియాస్ వైపు చూసింది. అతను తల దించుకుని పళ్ళెం కేసి చూస్తున్నాడు. ఇక అడగాల్సింది ఏమీ లేకపోయింది.

అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుని, అదే కొంగుతో హంసవేణి ముక్కు తుడిచింది. మళ్ళీ సంగటి తీసి, చిన్న పిల్లకు చేసినట్టు చిన్న ముద్ద చేసి, ఊరిబిండిలో కొంచెమే అద్దింది.

"నోరు తెరువు," అంది. "నీకు తొలి ముద్ద పెట్టేది ఎప్పుడూ నేనే."

హంసవేణి ఆ చెయ్యి పట్టుకుని నోరు తెరిచింది.